‘ఎందుకు ఇష్టం?’ అని అడగకండి

ప్రశ్న: మా అమ్మకు వచ్చే మాఘమాసంలో డెబ్బై నిండుతాయి. నాన్నగారు పోయి నాలుగేళ్ళయింది. చీరలూ నగలూ ఏమీ వద్దంటోంది. అందుకని ఇంటిల్లిపాదీ తలా ఒక పాట, అదెందుకు ఇష్టమో రెండు ముక్కలు రాసి, అన్నీ ఒకచోట చేర్చి ఇద్దామనుకున్నాం. వాట్సాప్ గ్రూపులో అడిగితే మూడు రోజుల్లో నలభై ఒక్క లింకులు వచ్చాయి (జాబితా జతచేశాను). కారణం రాసినవాళ్ళు తక్కువ. రాసినా ‘ఆణిముత్యం’, ‘ఎవర్‌గ్రీన్’, ‘అమృతగానం’ అని సరిపెట్టారు. చిన్నపిన్ని మాత్రం ‘మనసున మనసై’ పంపించి, ‘అక్క కుట్టుమిషను తొక్కుతూ పాడేది, చరణం దగ్గర మిషను ఆపేసేది’ అని రాసింది. అది పాట గురించి కాదు కదా! అమ్మమ్మ పాడిన మంగళహారతుల క్యాసెట్టు ఒకటి బీరువాలో ఉంది, 1988లో మావయ్య రికార్డు చేసింది. దాన్ని ఎక్కించడం ఎలా? నాన్నగారికి ‘పాడుతా తీయగా చల్లగా’ ప్రాణం. అది పెడితే అమ్మ ఏడుస్తుందని అన్నయ్య భయపడుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: మీ చిన్నపిన్నిగారి మాటను మీరు పక్కన పెట్టేశారు. వచ్చిన నలభై ఒక్కటిలో మీ అమ్మగారికి ఇవ్వదగ్గది ఇప్పటికి అదొక్కటే. దాంతోనే మొదలుపెట్టండి.

ఘంటసాల ఎంత బాగా పాడారో మీ అమ్మగారికి ఎవరూ చెప్పక్కర్లేదు. ‘మనసున మనసై’ ఉన్న ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమా 1964లో వచ్చింది. ఆ పాట ఆవిడ చిన్నప్పటినుంచీ ఆవిడతోనే ఉంది. ఆవిడకు తెలియనిది వేరే ఉంది. తను మిషను తొక్కుతూ పాడుకుంటుంటే చెల్లెలు చెవి అటు వేసి ఉండేదనీ, చరణం రాగానే మిషను ఆగడం కూడా ఆ పిల్ల గమనించేదనీ, ఇన్నేళ్ళూ గుర్తుపెట్టుకుందనీ ఆవిడకు తెలిసే అవకాశమే లేదు. అలాంటిది ఇంటికొకటి దొరికితే మీ పని అయినట్టే.

దొరకకపోవడానికి కారణం మీరు అడిగిన ప్రశ్నే. ‘ఎందుకు ఇష్టం?’ అనగానే ఎవరైనా పాటల పోటీలో న్యాయనిర్ణేతలా మాట్లాడతారు. గాత్రం, సాహిత్యం, స్వరకల్పన అంటూ సినిమా పత్రికల్లో చదివిన మాటలే నోటికొస్తాయి. పైగా గ్రూపులో అడిగారు. మొదటివాళ్ళు ‘ఆణిముత్యం’ అన్నాక తర్వాతివాళ్ళు అంతకంటే పెద్దమాట వెతుక్కుంటారు. ఎవరో ఒకరు ‘అదేం పాట’ అన్నారంటే చాలు, మాస్ పాటో డిస్కో పాటో మనసులో ఉన్న బావగారు దాన్ని దాచేసి, మర్యాదగా ఉండే ఒక కీర్తన పంపిస్తారు.

కాబట్టి గ్రూపులో అడగడం మానేసి ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. మనిషికి పది నిమిషాలు చాలు. ఇలా అడగండి: ఈ పాట మొదట ఏ ఇంట్లో విన్నావు? రేడియోలోనా, టేపులోనా, పెళ్ళిపందిట్లో మైకులోనా, ఎవరైనా పాడుతుంటేనా? అప్పుడు పక్కన ఎవరున్నారు, ఏం చేస్తున్నారు? పాట మొత్తంలో ఏ ముక్క కోసం ఎదురుచూస్తావు? ఇప్పుడు బస్సులోనో హోటల్లోనో హఠాత్తుగా వినబడితే ఏం చేస్తావు?

చివరి ప్రశ్నను వదలకండి. కొందరు ‘మార్చేస్తాను’ అంటారు. ఇష్టమైన పాటను ఎందుకు మార్చేస్తారో చెప్పడం మొదలుపెట్టారంటే మీరిక అడ్డుపడకండి, విని రాసుకోండి.

‘రేడియోలో విన్నా’ అని ఊరుకుంటే ఏ కార్యక్రమమో అడగండి. భక్తిరంజని అన్నారంటే అది పొద్దుటి పాట. ఆ వేళకు ఇంట్లో ఏం జరుగుతుండేది? బొగ్గుల కుంపటా, కిరసనాయిలు స్టవ్వా, జడలు వేయించుకుంటూ విన్నారా? కార్యక్రమం పేరు పట్టుకుంటే వేళ తెలుస్తుంది, వేళ తెలిస్తే ఇల్లు కళ్ళముందుకొస్తుంది. ‘ఏ ముక్క’ అన్నదానికి సంగీతం తెలియనివాళ్ళు తడబడతారు. పల్లవికి ముందు తాళం లేకుండా సాగదీసి పాడేది సాకీ అనీ, చరణాల మధ్య వాయించేది బిట్ అనీ మీరే అందించండి. పేర్లు అక్కర్లేదంటే, ‘రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర’ అని చెప్పినా సరిపోతుంది.

పిన్నిగారిని కూడా మళ్ళీ అడగాలి. ఏ చరణం దగ్గర ఆగేది మిషను? మొదటిదా, రెండోదా? మాటలు చప్పుడులో కలిసిపోకూడదని ఆపేదా, కాలు ఆడిస్తూ దమ్ము పట్టడం కష్టమయ్యా? ఎవరి బట్టలు కుట్టేది అప్పుడు? తను ఎక్కడ కూచుని వినేది? పాట అయ్యాక మళ్ళీ మిషను మొదలయ్యేదా, కాసేపు అలాగే ఉండిపోయేదా? నాలుగు జవాబులు వస్తే ఎనభై మాటల్లో రాయండి. వాడుకభాషలో, ఆవిడ అన్న మాటల్లోనే ఉండాలి. ‘కుట్టుమిషను’ అన్నచోట ‘కుట్టుయంత్రం’ అని దిద్దకండి. ‘మధురం’, ‘అద్భుతం’, ‘మరపురాని’ లాంటి మాటలు కనిపిస్తే కొట్టేయండి. వాటిని తీసేశాక ఏమీ మిగలకపోతే మళ్ళీ ఫోన్ చేయాల్సిందే.

ఎనభై మాటలకంటే పెరగనివ్వకండి. నిదానంగా చదివితే అది నిమిషం పైచిలుకు. పాట మొదలవకముందే మాటలు అంతకుమించి సాగితే వినేవాళ్ళ ధ్యాస చెదురుతుంది. కాగితం మీదకంటే ఎవరి గొంతులో వాళ్ళు చెబితేనే బాగుంటుంది, ముఖ్యంగా రాలేని వాళ్ళవి. ఫ్యాను ఆపమనండి, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా పట్టుకోమనండి. ఎదురుగా పట్టుకుంటే ప, బ, భ అన్నప్పుడల్లా గాలి కొట్టి ‘టప్’మంటుంది. ఖాళీ గదిలో గొంతు మోగుతుంది, మంచం, కర్టెన్లు, బట్టలున్న గది మేలు. మొదలుపెట్టే ముందూ అయిపోయాకా రెండు సెకన్లు ఊరుకోవాలి, లేకపోతే కత్తిరించేటప్పుడు మొదటి అక్షరం ఎగిరిపోతుంది. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వద్దు. ఫోన్లోని రికార్డరుతో చేసి, ఆ ఫైలును డాక్యుమెంటుగా పంపించమనండి.

ఇక పాటల సంగతి. లింకులన్నీ ఒకసారి విని చూడండి. మీ జాబితాలో కొన్ని సినిమాలోని పాటలు కావు, వాటినే టీవీ పోటీల్లో పిల్లలు పాడినవి. ‘పాడుతా తీయగా’ అని వెతికితే 1964 నాటి ‘మూగమనసులు’ పాట కంటే ముందు, 1996లో మొదలైన ఈటీవీ కార్యక్రమం వస్తుంది. ‘జాబిల్లి కోసం’ ఇద్దరు పంపారు. ఆ పాట బాలు గొంతులో ఒకటి, జానకి గొంతులో ఒకటి ఉంది. ఇద్దరూ ఒకే లింకు పంపినా ఇద్దరి మనసులో ఉన్నది ఒకటే కాకపోవచ్చు. అడగండి. పాత సినిమాల్లో ఇంకో చిక్కుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత పది అంగుళాల గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలు దాటి కొంచెమే పడుతుంది. అందుకే సినిమాలో ఉన్న చరణమో ఆలాపనో రికార్డులో లేకపోవడం ఉంటుంది. ‘నాకు గుర్తున్న చరణం ఇందులో లేదేమిటి’ అని పెదనాన్నగారు అంటే ఆయన జ్ఞాపకాన్ని అనుమానించకండి, సినిమాలోని పాట వెతకండి.

రాసినవాళ్ళ పేర్లు వేసేటప్పుడు లింకు కింద ఉన్నది నమ్మవద్దు. మీ జాబితాలోనే ‘తెలవారదేమో స్వామీ’ పక్కన అన్నమయ్య కీర్తన అని ఉంది. అది ‘శ్రుతిలయలు’ (1987) కోసం సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసినది. కీర్తన అనుకునేంత నిండుగా రాశారాయన. అలాగే ‘మనసున మనసై’ పక్కన ఆత్రేయ అని పడింది. ‘డాక్టర్ చక్రవర్తి’లో ‘నీవులేక వీణ’ ఆత్రేయది. ‘మనసున మనసై’ రాసినది శ్రీశ్రీ, వరుస సాలూరి రాజేశ్వరరావుది. ఇంట్లో పాత పాటల పుస్తకాలుంటే, సినిమాహాళ్ళ దగ్గర అమ్మినవి, అవే మంచి ఆధారం. ఏ పాట ఎవరిదో వాటిలో విడివిడిగా ఉంటుంది. సినిమా టైటిల్స్‌లో నలుగురు కవుల పేర్లు వరసగా వేస్తారు కానీ ఏది ఎవరిదో చెప్పరు. సంగీతం విషయంలోనూ ఒక్కోసారి టైటిల్స్ పూర్తి కథ చెప్పవు. ‘మాయాబజార్’కు ఘంటసాల పేరే ఉంటుంది, నాలుగు పాటల వరుసలు రాజేశ్వరరావువి. డెబ్బై ఏళ్ళ మనిషికి, పాటలు బాగా తెలిసిన మనిషికి ఇస్తున్న కానుకలో కవి పేరు తప్పు పడితే ఆవిడ కన్ను నేరుగా దానిమీదే పడుతుంది.

మొత్తం పాట మాటలు పుస్తకంలో అచ్చు వేయించకండి. కవి పోయిన 60 ఏళ్ళ దాకా సాహిత్యం మీద హక్కులుంటాయి, శ్రీశ్రీ పోయింది 1983లో. ఎత్తుగడ ఒక్క ముక్క చాలు, మిగతాది ఆవిడకు నోటికొచ్చు. ఈ పాటలన్నీ కలిపి యూట్యూబ్‌లో పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి, రికార్డింగు కంపెనీల హక్కుల క్లెయిము దానంతటదే వచ్చి పడుతుంది. ఇది మీ ఇంట్లో మీరు వినుకోవడానికి.

నలభై ఒక్కటీ పెట్టవద్దు. పాటకు నాలుగు నిమిషాలు, మాటకు ఒకటీ పావు అనుకుంటే మూడున్నర గంటలు దాటుతుంది. మనిషికొకటి చొప్పున పన్నెండు ఎంచుకుంటే గంట పైన కొద్దిగా. అందులోనూ పుట్టినరోజునాడు అందరి ముందూ వినిపించేవి అయిదే ఉండాలి, భోజనాలకు ముందు. తిన్నాక పెద్దవాళ్ళు నడుం వాలుస్తారు, పిల్లలు ఫోన్లు తీస్తారు. మిగతావి ఆవిడ తీరిగ్గా వింటారు. వరస పెట్టేటప్పుడు సినిమా వచ్చిన సంవత్సరం చూడకండి, ఆవిడ జీవితంలో అది జరిగిన సంవత్సరం చూడండి. పుట్టింటి పాటలు ముందు, కాపురానికొచ్చిన ఊరు తర్వాత, మీ పిల్లకాలం, మనవలు. మనవడు పంపింది మీకెవరికీ అర్థంకాని ఇంగ్లీషు పాటైనా ఉంచండి. మొదట ఎక్కడ విన్నాడో అమ్మమ్మకు వాడి నోటితో చెప్పనివ్వండి.

క్యాసెట్టు విషయంలో తొందరపడకండి. చేతికి దొరికిన టేప్ రికార్డర్లో పెట్టి ‘ఒకసారి విందాం’ అనుకుంటేనే నష్టం జరిగేది. ముందు క్యాసెట్టుకుండే చిన్న కిటికీలోంచి టేపును వెలుతురులో చూడండి. అంచుల మీద తెల్లగా పొడిలా ఉంటే బూజు, ఆడించకుండా ఈ పని చేసే స్టూడియోకి ఇవ్వండి. బూజు లేకపోతే, క్యాసెట్టు నోటి దగ్గర సన్నటి రాగి రేకు మీద చిన్న ఉన్ని ముక్క ఉంటుంది, చూడండి. ముప్ఫై, నలభై ఏళ్ళకు జిగురు ఎండి అది ఊడిపోతుంది. ఆ ముక్క లేకపోతే టేపు హెడ్డుకు (టేప్ రికార్డరులో టేపును చదివే భాగానికి) ఆనదు, శబ్దం వస్తూ పోతూ ఉంటుంది. మూలల్లో స్క్రూలున్న క్యాసెట్టయితే ఇంకో పాత క్యాసెట్టు విప్పి, ఈ రెండు చక్రాలనూ టేపుతో సహా దాని ప్లాస్టిక్ పెట్టెలోకి మార్చవచ్చు. వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఇంకా ఉంటే విరిచేయండి. అవి ఉన్నంతకాలం పొరపాటున ఎర్ర బటన్ నొక్కితే అమ్మమ్మ గొంతు చెరిగిపోతుంది.

టేప్ రికార్డరు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన ఇయర్‌బడ్‌తో తుడవండి, గోధుమరంగు మడ్డి వస్తుంది. రాకపోయేదాకా తుడిచి, ఆరనివ్వండి. రబ్బరు చక్రాన్ని మాత్రం నీటి తడి గుడ్డతో తుడిస్తే చాలు. తర్వాత పోయినా ఫర్వాలేదనుకునే క్యాసెట్టు ఒకటి పెట్టి పూర్తిగా ఆడించండి. అది చిక్కుపడలేదంటేనే అమ్మమ్మ క్యాసెట్టు పెట్టాలి. దాన్ని కూడా ముందు చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పండి. ఏళ్ళతరబడి కదలని టేపు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి.

ఇప్పటి లాప్‌టాప్‌లలో ఉండే ఒక్క రంధ్రం చాలావాటిలో మైకు కోసం, అందులోకి నేరుగా ఇస్తే శబ్దం పగులుతుంది. ‘లైన్ ఇన్’ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి కొని, టేప్ రికార్డరు ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి మూడున్నర మిల్లీమీటర్ల స్టీరియో వైరుతో కలపండి. శబ్దాన్ని రికార్డు చేసి దిద్దుకునే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో 44,100 హెర్ట్జ్, 16 బిట్ అని పెట్టి, వేవ్ ఫైలుగా దాచండి. ఎంత గట్టిగా పాడినచోటైనా మీటరు మైనస్ ఆరు డెసిబెల్సు దాటకుండా వాల్యూమ్ పెట్టండి. సున్నాకు తగిలి పగిలిన శబ్దాన్ని తర్వాత ఎవరూ అతకలేరు. క్యాసెట్టు ఉన్న వేగంతోనే ఆడాలి, సి-90 (తొంభై నిమిషాల క్యాసెట్టు) అయితే ఒక్కో వైపుకు ముప్పావుగంట. నిమిషానికి పది ఎంబీ చొప్పున వైపుకు 450 ఎంబీ దాకా అవుతుంది.

గొంతు దుప్పట్లోంచి వస్తున్నట్టుంటే టేపు పాడైందని నిరాశపడకండి. మావయ్యగారి టేప్ రికార్డరు హెడ్డు వంపూ ఈ టేప్ రికార్డరు హెడ్డు వంపూ కలవకపోవడమే చాలాసార్లు కారణం. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. టేపు ఆడుతుండగానే సన్న స్క్రూడ్రైవరుతో దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ హారతిలోని ‘శ్రీ’, ‘స’ వినండి. ఒకచోట అవి ఉన్నట్టుండి పదునుగా తేలతాయి. అక్కడ ఆపండి. గొంతు మామూలుకంటే సన్నగా, పాట తొందరగా పోతున్నట్టుంటే ఆనాడు బ్యాటరీలు నీరసించి ఉంటాయి. అప్పుడు టేపు మెల్లగా తిరిగింది కనుక ఇప్పుడు సరైన వేగంలో పరుగెత్తుతుంది. ఆడాసిటీలో వేగం రెండు, మూడు, నాలుగు శాతం తగ్గిస్తూ మావయ్యగారికి వినిపించండి. ‘ఇదీ అమ్మ గొంతు’ అని ఆయన అన్నచోట ఆపండి. దీనికి ఆయన చెవిని మించిన పరికరం లేదు.

హోరు తగ్గించే పనిలో చెయ్యి బిగబట్టండి. ఆరు డెసిబెల్సు తగ్గిస్తే చాలు, ఇంకా లాగితే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టవుతుంది. వెనకాల దగ్గూ, పసిపిల్ల ఏడుపూ, గంట చప్పుడూ తీసేయకండి. ఆ పసిపిల్ల ఎవరో మీ అమ్మగారు చెప్పగలరు. అసలు వేవ్ ఫైలు ముట్టుకోకుండా రెండు చోట్ల దాచి, మార్పులన్నీ నకలు మీద చేయండి.

నాన్నగారి పాట విషయానికి వస్తే, పెట్టండి. అది లేకుండా పన్నెండు పాటలు వింటే ఆవిడకు ఆ లోటే వినబడుతుంది. మీ అన్నయ్యగారి భయం కూడా తీసిపారేయదగ్గది కాదు. ఏడవడంలో తప్పు లేదు, నలభైమంది చూస్తుండగా ఏడవాల్సి రావడం కష్టం. అందుకని అది అందరి ముందు వినిపించే అయిదింటిలో వద్దు, చివరిపాటగా అసలే వద్దు. ముందురోజు రాత్రి, పిల్లలు మీరిద్దరే ఉన్నప్పుడు, ‘నాన్న పాట ఉంది, ఇప్పుడు పెట్టమంటావా, తర్వాత వింటావా’ అని ఆవిడనే అడగండి. దానికి ముందు చెప్పే మాట అన్నయ్యగారే చెప్పాలి. నాన్నగారు ఆ పాట ఎప్పుడు పాడేవారో, ఏ మాట దగ్గర తప్పు పాడేవారో చెప్పమనండి. మరణం గురించి ఒక్క ముక్కా అక్కర్లేదు.

పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. పాత సిస్టమ్‌లూ, కారులో ఉండేవీ చాలావరకు వేరేది చదవవు. ఫైలు పేర్లు 01, 02 అని అంకెలతో మొదలై ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి, తెలుగు పేర్లు చాలా వాటిలో డబ్బాలుగా కనిపిస్తాయి. ఎంపీ3 నాణ్యత 192 కేబీపీఎస్ సరిపోతుంది. మాట ఒక ఫైలు, పాట ఒక ఫైలు చేయకండి. రెండూ కలిపి ఒకటే చేస్తే విడిపోవు. కొన్ని కారు సిస్టమ్‌లు పేరు చూడవు, ఎక్కించిన వరసలోనే వాయిస్తాయి, కనుక ఒక్కొక్కటీ వరసగా కాపీ చేయండి. అరవైల నాటి పాటలు మెత్తగా, కొత్తవి గట్టిగా వినబడి ఆవిడ మాటిమాటికీ వాల్యూమ్ కోసం లేవాల్సి వస్తుంది. ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో అన్నింటినీ మైనస్ పదహారు ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (ఎంత గట్టిగా వినబడుతుందో చెప్పే కొలత) తెచ్చేయండి. పక్కనే పెద్ద అక్షరాలతో, పద్దెనిమిది పాయింట్లకు తగ్గకుండా, పేజీకొక పాట చొప్పున అచ్చు కాగితాలు ఉంచండి. పదమూడో పేజీ ఖాళీగా వదలండి, పైన ‘అమ్మ పాట’ అని మాత్రం రాసి.

ఆరోజు అయిదో పాట కాగానే ఒక ఫోను రికార్డింగులో పెట్టి, ఆవిడకు దగ్గరగా బల్లమీద బోర్లించి ఉంచండి. ఆవిడ మాట్లాడతారు, బహుశా పిన్నిగారు చెప్పినదాన్ని సరిదిద్దుతారు కూడా. పాడటం మొదలుపెడితే మాత్రం కనీసం పల్లవి అయ్యేదాకా ఎవరూ గొంతు కలపకుండా చూసుకోండి.